మా అత్త మొదటి మాట

మా అత్త మొన్న ఆదివారం ఆదిలాబాద్ ఆసుపత్రిలో పోయింది. బాపుకు, అంటే మా నాన్నకు చెల్లెలు; నాకు రెండో తల్లి. ఆమెను ఎరగని వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

ఇచ్చోడలో ఒక ప్రైవేటు బడిలో చాలా ఏళ్లు తెలుగు చెప్పింది. ఆమె పద్యం ఎత్తుకుంటే పక్క తరగతిలో లెక్కలు ఆగిపోయేవి. అలాంటి మనిషికి థైరాయిడ్ ఆపరేషన్‌లో గొంతు నరం దెబ్బతిన్నది. మిగిలింది గుసగుస. ఒంటరి మనిషి, బడి మానితే జరుగుబాటు లేదు. చెంప దగ్గర చిన్న మైకు, నడుముకు స్పీకర్ డబ్బా కట్టుకుని మళ్లీ తరగతికి వెళ్లింది.

అయితే ఆమె కాసేపు ఊరుకుంటే డబ్బా కూడా ఊరుకునేది. మళ్లీ మాట్లాడితే మొదటి మాట మింగేసేది. రిపేరు షాపతను విప్పి చూశాడు.

"ఖరాబేం కాలే మేడం. బ్యాటరీ మిగలాలని లోపల చిప్ నిద్రవోతది. మీ గొంతు ఇనంగనే లేస్తది గని, లేసెతందుకు జర టైం పడ్తది. గంతల మాట పోతది."

"నిద్రవోకుంట చెయ్యరాదా?"

"చెయ్యొచ్చు. బ్యాటరీ పూటగూడ రాదు."

పొద్దంతా పాఠం చెప్పే మనిషికి అది కుదరదు. అందుకని ప్రతిసారీ ముందు "ఆఁ" అని, తర్వాత మాట్లాడేది. "లోకం ఇనాలంటె ముందుగాల ఒక మాట దండుగ వెట్టాలె బిడ్డా" అని నాతో నవ్వేది. పిల్లలు వెనక నడుస్తూ "ఆఁ, ఆఁ" అనేవారు. వాళ్లను తిట్టాలన్నా ఆమె ముందు "ఆఁ" అనాల్సిందే. వాళ్లు ఇంకా నవ్వేవారు.

బడి వార్షికోత్సవానికి నన్నూ తీసుకెళ్లింది. ఉన్నట్టుండి ఆమెను వేదిక మీదికి పిలిచారు. బడి యజమాని శాలువా కప్పి మైకులో అన్నాడు: "పానం బాగలేక మేడం తనంతట తనే బడి మానుకుంటున్నరు. అంతే గద మేడం?"

అదిరిపడి, "ఆఁ" అనడం మరిచి, "లేదు" అంది. పెదవులు కదలడం నాకు కనిపించింది. మాట రాలేదు.

వెంటనే మళ్లీ అంది: "లేదు. నేను మానుతలేను."

ఈసారి హాలంతా వినిపించింది. యజమాని ఒకసారి ఆమె వంక చూసి చప్పట్లు మొదలుపెట్టాడు. తోటి టీచర్లూ కొట్టారు.

ఇంటికొచ్చి శాలువా మడుస్తూ, "ఇనవడక గాదు బిడ్డా. అందరికి ఇనవడ్డది" అంది.

బడి పోయింది. మర్నాడే షాపుకు వెళ్లి చిప్ నిద్రపోకుండా చేయించింది. "ఇగ మిగిలిచ్చి ఏం జేస్త?" అంది. వాకిట్లో చాప పరిచి వాడకట్టు పిల్లలకు పద్యాలు చెప్పింది. నాకు తెలుగు అంటింది ఆ చాప మీదే.

ఆసుపత్రిలోనూ మైకు తీయనివ్వలేదు. డబ్బా మేలుకునే ఉండేది కనుక ఆమె ఎగఊపిరి వార్డంతా వినిపించేది. ఆ ఆదివారం మధ్యాహ్నం పక్క మంచం మీది ఆమె విసుక్కుంది.

"గా డబ్బ బంద్ జెయ్యి బిడ్డా. గా సప్పుడుకు కన్ను మూతవడ్తలేదు."

నేను నోరు తెరిచేలోపే అత్త చేయి నడుము దగ్గరికి పాకింది. తనే బొత్తాం నొక్కుకుంది. వార్డు సద్దుమణిగింది. పక్కామె అటు తిరిగి పడుకుంది.

అత్త మీది దుప్పటి మెల్లగా లేస్తూ, పడుతూ ఉంది. నేను దానినే చూస్తూ కూర్చున్నాను.