రెండు నెలల బేరం

రోగి నాలుగు నెలలు వాయిదా అడిగిన గుండె ఆపరేషన్‌ను బేరమాడి రెండు నెలలకు దించిన ఘనుణ్ని నేను. అల్లూరు బజారులో మా నాయన బట్టల కొట్లో పెరిగినవాణ్ని. అడిగినదాన్ని సగానికి తెగ్గొడితే తప్ప నాకు తృప్తి ఉండదు.

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, ఎండలు మొదలయ్యే రోజుల్లో, నెల్లూరులో ఒక ఆసుపత్రి గుండె జబ్బుల విభాగానికి పెద్దగా ఉన్నాను. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేసే రమణయ్య ఆయాసంతో వచ్చాడు. మూడు రక్తనాళాలూ పూడుకుపోయాయి. ఎకో స్కాన్‌లో గుండె ముందు గోడ కదలడం లేదు. చచ్చిన కండరమైతే ఆపరేషన్ దండగ. అందుకని గుండెను కాస్త ఉరికించే మందును సన్నటి ధారగా ఎక్కిస్తూ మళ్లీ చూశాం. గోడ కదిలింది, అంటే కండరం బతికే ఉంది. రక్తం చాలనప్పుడు గుండె కండరం పని మానుకుని, అందే కాస్త రక్తంతో ప్రాణం నిలుపుకుంటుంది. బైపాస్ చేసి రక్తం అందిస్తే మెల్లగా మళ్లీ పనిలోకి దిగుతుంది.

ఇది ఆయన వృత్తి మాటల్లోనే చెప్పాలని నాకు సరదా పుట్టింది. గుంట నీళ్లలో గాలి తగ్గితే ఏం చేస్తారని అడిగాను.

"మేత ఆపేస్తాం సార్. రొయ్య కదలకుండా అడుగున పడుంటది. చావదు."

మీ గుండె చేస్తున్నదీ అదే అన్నాను. ఆయన మొహం తేటపడింది.

"చావదు గదా. అయితే నాలుగు నెలలు ఆగండి, ఈ పంట పట్టేసి వస్తా. ఇప్పుడు గుంట వొదిలేస్తే మా ఆడమనిషి ఊరుకోదు."

"నా మీద పెట్టబాక," అంది పక్కనున్న భార్య సుశీలమ్మ. "ఇయ్యాలే చేయించుకోమని నేను మొత్తుకుంటా ఉండా."

నేను ఒక నెల అన్నాను. ఆయన మూడన్నాడు. రెండు దగ్గర తెగింది. కేస్ షీట్‌లో మాత్రం ఆపరేషన్ 'వెంటనే' చేయాలని రాశాను.

చెప్పిన రోజుకే వచ్చాడు. అదే మందు, అదే ధార. గోడ కదల్లేదు. ఈలోపు కండరం చచ్చి మచ్చగట్టింది. ఇప్పుడు కోస్తే లాభం లేదని, టేబుల్ మీదే పోవచ్చని సర్జన్ చెప్పాడు. ఆ సంగతి రమణయ్యకు నేనే చెప్పాను.

"మేత ఆపి ఒక పూట, మహా అయితే రెండ్రోజులు ఉంచుతాం సార్. రెండు నెలలు ఎవురుంచుతారు? మీరు అడగలా, నేను చెప్పలా."

ఆ ఏడు వానలు పడకముందే పోయాడు.

పని మానుకున్న కండరానికి ఒక గడువుంటుంది. అది ఎంతో ఏ యంత్రమూ చెప్పదు. ఆ తర్వాత ఏ రోగితోనూ తేదీల గురించి బేరమాడలేదు. మొదటి రోజే కోసి ఉంటే రమణయ్య బతికేవాడని రాసివ్వలేను. కానీ ఆ రోజు ఆయనకు ఒక అవకాశం ఉండింది. దాన్ని ఖర్చుపెట్టి నేను కొన్నది, బేరం గెలిచానన్న ఒక సాయంత్రపు సంతోషం.