గౌరి దూకిన గోడ

ఆరేళ్లుగా ఒక గోడ నా గుండెల మీద ఉంది. నిజం గోడ కూడా కాదు, కంప్యూటర్ ఆటలోది. నవ్వుకోండి, పర్లేదు. నాకే ఎన్నడూ నవ్వు రాలేదు.

మా వదినది పెనుమూడి. మా అన్నయ్యను చేసుకుని తెనాలి వచ్చిన రెండో ఏడు ఆమెకు కడుపు నిలవలేదు. పొద్దుపోక కుమిలిపోతోందని నేనే నా లాప్‌టాప్‌లో జూ నడిపే ఆట నేర్పాను. అందులో ఆమె ఒక ఈలాండ్‌ను తెచ్చుకుంది. ఆఫ్రికా జింకే గాని ఆబోతంత ఉంటుంది. గౌరి అని పేరు పెట్టింది. అది చూలుతో ఉందని తెలిసిన రోజు ఇల్లంతా తిరిగి చెప్పింది.

మొదట గౌరికి గేదెల దొడ్డికి కట్టినట్టు నడుమెత్తు గోడే కట్టింది. పుట్టింట్లో పాడి చూసిన మనిషి. "ఇంత ఒళ్లున్న గొడ్డు ఎక్కడ దూకుద్దిలే" అంది. దూకుతుందని, గోడ అవతల సింహాలున్నాయని చెప్పి, నేనే ఎత్తు పెంచాను.

అప్పట్లో నేను బాపట్ల కాలేజీకని బయల్దేరి, రేపల్లె బండెక్కి స్నేహితురాలింట్లో కూర్చునేదాన్ని. ఆ సంగతి వదినకొక్కదానికే చెప్పాను. వారం తిరక్కుండా నాన్నకు తెలిసిపోయింది. ఇంకెవరు చెప్తారు? నాన్న కొడితే ఏడవలేదు గాని, నమ్మిన మనిషే ఇంత పని చేసిందని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమెనే అడగొచ్చుగా? అడగలేదు. కాదంటే నా కోపం ఏమైపోతుందోనని భయపడ్డానేమో.

ఆమె స్నానానికి వెళ్లినప్పుడు గోడను మళ్లీ నడుమెత్తుకు దించాను.

తల తుడుచుకుంటూ వచ్చి చూసింది. గౌరి సింహాల దగ్గర పడి ఉంది.

"గోడ నేనే తగ్గించేశానా ఏంటి అమ్మాయ్?"

"ఏమో వదినా. పాత అలవాటు కదా."

"నాకు ఏదీ నిలవదులే" అని లాప్‌టాప్ మూసేసింది.

అంతకుముందు సేవ్ చేసిన ఆట తెరిస్తే గౌరి మళ్లీ బతికే ఉండేది. ఆ కిటుకు ఆమెకు తెలియదు. నాకు తెలుసు, అయినా నోరు మెదపలేదు.

రెండేళ్ల క్రితం జంపనిలో పెళ్లి భోజనాల దగ్గర మా బాబాయి నవ్వుతూ, "నిన్ను రేపల్లె బండిలో చూసి మీ నాన్నకు చెప్పింది నేనేగా" అన్నాడు. వదిన నా మాట ఎవరికీ చెప్పలేదు. ద్రోహం చేసిందని నాలుగేళ్లు ఆమెతో ముభావంగా ఉన్నాను, చేసింది మాత్రం నేను. ఆ రోజైనా చెప్పి ఉండాల్సింది. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

పోయిన నెల వదిన పాపకు బారసాల. పిల్ల బొద్దుగా, ఆరోగ్యంగా ఉంది. ఏం పేరనుకున్నావని అమ్మ అడిగితే వదిన తల దించుకుని, "మీరే పెట్టండి అత్తయ్యా. నేను పేరు పెట్టింది నిలవదండి" అంది. ఏదో మొహమాటం అనుకున్నారు అందరూ. బియ్యప్పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడ్డాను నేను.

గోడ దించింది నేనే. ఆమెకు ఇంకా చెప్పలేదు. ముందు మీకు చెప్పాను, కాస్త ఊపిరి ఆడుతోంది. పాపకు మాత్రం మా అమ్మ పెట్టిన పేరే ఉంది.