ఏడో బెడ్ అవ్వ ఎందుకు నడవలేదు

2004 జూలైలో నన్ను హెడ్ నర్సుగా ప్రమోట్ చేసి, భద్రాచలం వైపు ఒక సర్కారు దవాఖానాలో ఆడవాళ్ల వార్డు అప్పగించారు. హెడ్ నర్సు అయ్యాక సూదులు వేసే పని తగ్గి, బెడ్లు చూసుకునే పని పెరుగుతుంది. అప్పటికే వానాకాలం జ్వరాలు మొదలై, ఒక్కో బెడ్ మీద ఇద్దరిద్దరిని పడుకోబెడుతున్నాం.

ఏడో బెడ్‌లో మాత్రం ముత్తమ్మ ఒక్కతే. పర్ణశాల అవతలి గూడెం ఆమెది. ఎండాకాలంలో ఇప్పపువ్వు ఏరబోయి పడింది, తుంటి ఎముక విరిగింది. గూడెం వాళ్లు జీపులో తెచ్చి దించి వెళ్లారు. ఆ వయసులో ఆపరేషన్ వద్దని డాక్టరుగారు ట్రాక్షన్‌లో పెట్టారు. అంటే కాలికి బరువు కట్టి, ఎముక అతికేదాకా కదలకుండా పడుకోబెట్టడం. ఎముక అతికింది. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు.

సూపరింటెండెంట్ గారు ఖమ్మంలోని సర్కారు వృద్ధాశ్రమానికి రాశారు. బాత్రూముకు తనంతట తాను వెళ్లగలిగితేనే చేర్చుకుంటామని జవాబు వచ్చింది. మంచంపట్టినవాళ్లను చూసే మనుషులు అక్కడ లేరు, కాబట్టి వాళ్లను తప్పుపట్టను. పదిహేను రోజుల్లో నడిపిస్తానని మాటిచ్చాను. అంతకుముందు ఎందరినో నడిపించినదాన్ని.

ముత్తమ్మ నడవలేదు. వాకర్ పట్టించి లేపితే నిలబడేది, అడుగు వేయమంటే కూర్చునేది. నొప్పికి మందు మార్చాం, మళ్లీ ఎక్స్‌రే తీయించాం. ఎముక బాగానే ఉంది. ఆమెకు కోయభాష తప్ప రాదనుకుని, ఖమ్మం పంపే సంగతంతా ఆమె మంచం పక్కనే తెలుగులో మాట్లాడుకునేవాళ్లం.

పదో రోజు పొద్దున నేను వార్డులోకి వచ్చేసరికి, గోడ పట్టుకుని బాత్రూము నుంచి నడిచి వస్తోంది. నన్ను చూసి ఆగింది కానీ తడబడలేదు. మాకెందుకు చూపలేదని అడిగాను.

"నడిస్తే ఖమ్మం పంపుతరు గద సిస్టరమ్మా. ఆడ నాకెవరున్నరు?" అంది, తేట తెలుగులో.

ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది.

"మరి యాడికి పోతవు అవ్వా?"

అన్ని నెలల్లో ఆ మాట ఆమెను ఎవరమూ అడగలేదు. చండ్రుగొండ దగ్గర చెల్లెలుందని చెప్పింది. అక్కడి ఏఎన్ఎంకు, అంటే ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తకు, ఆ రోజే కబురు పంపాను. నాలుగో రోజు చెల్లెలు వచ్చింది.

"దవాఖాన్ల సచ్చిపోయిందన్నరు సారూ. దినాలు గూడ జేసినం," అని సూపరింటెండెంట్ గారికి చెప్పింది.

దినాలకు కోడిని కోశారా లేదా అని ముత్తమ్మ అడిగింది. కోశామంది చెల్లెలు. డిశ్చార్జి కాగితం మీద చెల్లెలు వేలిముద్ర వేసింది, నెలకోసారి ఇంటికెళ్లి చూసొస్తానని ఏఎన్ఎం ఒప్పుకుంది. అక్కాచెల్లెళ్లు మధ్యాహ్నం బస్సుకు వెళ్లారు.

రోగి గురించి రోగి ముందే మాట్లాడుతూ రోగిని అడగకపోవడం మా వృత్తిలో తేలిగ్గా జరిగే తప్పు. ఆ తర్వాత నా వార్డు కేస్ షీట్ల మొదటి పేజీలో "ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్తారు" అని ఒక గడి చేత్తో గీయించాను. అది రోగి నోటి మాటతో నిండితేనే అడ్మిషన్ పూర్తయినట్టు సంతకం పెట్టేదాన్ని. రిటైరయ్యేదాకా ఆ పద్ధతి మార్చలేదు.