ఊఁ కొట్టే చిలుక

మా ఆయన దర్జీ. ఎప్పుడు చూసినా పెదవుల మధ్య గుండుసూదులు బారులు తీరి ఉంటాయి. కొలతలు తీసేటప్పుడే కాదు, నేను బజారు నుంచి మోసుకొచ్చిన కబుర్లు చెప్పేటప్పుడు కూడా అంతే. అందుకని ఏమడిగినా జవాబు ఒకటే: "ఊఁ." ఔనన్నా అదే, కాదన్నా అదే. ఏది ఏదో తెలుసుకునేసరికి నా జుట్టు నెరిసింది. మనిషి మాత్రం బంగారం. ఆయన కుట్టిన చొక్కా చిరగాలే గానీ కుట్టు ఊడదు.

ఆయన అక్క, అంటే మా వదిన, పక్క వీధిలో ఒక్కతే ఉంటుంది. మాటల పుట్ట. అన్నయ్యగారు పోయాక ఆ మాటలు వినే దిక్కు లేక చిలుకను పెంచుకుంది. కానీ ఆవిడ దగ్గర దానికి నోరు తెరిచే సందు దొరికితేగా! మోకాలి ఆపరేషన్‌కి వెళ్తూ పంజరం తెచ్చి మా ఇంట్లో పెట్టింది.

"నేనొచ్చేసరికి దీనికి నాలుగు మాటలు నేర్పరా. గోడలతో మాట్లాడి మాట్లాడి విసుగొచ్చింది" అంది. తమ్ముడు ఊఁ అన్నాడు.

పంజరం మిషను పక్కన పెట్టుకుని "అక్కా, వచ్చావా" అని పాఠం మొదలుపెట్టారు, సూదులు తీయకుండానే. ఆ మాట బయటికొచ్చేసరికి ఉత్త ఊఁ అయ్యేది. తీసి నేర్పండి మహానుభావా అంటే పని ఆగిపోతుందట. చిలుక బుద్ధిమంతురాలు, విన్నది విన్నట్టు పట్టేసింది. నేను వంటింట్లోంచి ఏదైనా అడిగితే ఊఁ అన్నది ఎవరో తెలిసేది కాదు. చెప్పొద్దూ, చిలుక ఊఁలోనే కాస్త శ్రద్ధ ఎక్కువ.

ఇంతలో పంజరం గడియ విరిగింది. ఇంకొకరైతే తీగ చుట్టేవారు. ఈయన దర్జీ కదా, దారంతో కుట్టేశారు. అదీ గింజలు వేసేటప్పుడు విప్పుకోవడానికి వీలుగా కచ్చాకుట్టు. వదిన ఇంటికొచ్చే రోజు పొద్దున చూస్తే దారం ముక్కలు కింద, తలుపు బార్లా.

ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ఆ ఇంట్లో అక్కకి ఇంకెవరున్నారే? ఏం చెప్పను?" అన్నారు. సూదులు తీసేసి మరీ అన్నారు కాబట్టి నాకు నిజంగానే భయం వేసింది.

వీధి చివర బడి ఆవరణలో పెద్ద చెట్టుంది. దాని నిండా చిలుకలే. అన్నీ ఒకటే రంగు, ఒకటే ముక్కు. ఆయన మెడలో టేపుతో కింద నిలబడి "రావే తల్లీ, రా" అని స్పష్టంగా పిలిచారు. ఒక్కటీ తల తిప్పలేదు. ఎందుకు తిప్పుతుంది? ఆ గొంతు అదెప్పుడు విన్నది గనక?

"సూదులు పెట్టుకుని పిలవండి" అన్నాను.

వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. అయినా చొక్కా అంచుకి గుచ్చిన సూదులు తీసి పెదవుల మధ్య పెట్టుకుని, ఊఁ అన్నారు. పై కొమ్మల్లోంచి జవాబొచ్చింది: "ఊఁ." చిలుక కొమ్మ కొమ్మా దిగి వచ్చి ఆయన మెడలో టేపు మీద వాలింది. దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని ఆయన అక్కడే మట్టిలో కూలబడ్డారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. దారిలో కొత్త గడియ కొనిపించాకే ఇంటికి రానిచ్చాను.

సాయంత్రం వదినను ఆవిడ ఇంట్లో దింపాము. మంచం పక్కనే పంజరం పెట్టాము. కూర్చుందో లేదో ఆపరేషన్ కథ అందుకుంది. మత్తుమందు ఇచ్చారు, అంది. "ఊఁ" అంది చిలుక. కళ్ళు తెరిస్తే కాలు బండరాయిలా ఉంది, అంది. "ఊఁ?" అంది చిలుక. వదిన టక్కున ఆగి పంజరం వైపు చూసింది.

మా ఆయన తల వంచుకున్నారు. "మాటలు రాలేదక్కా. అదొక్కటే వచ్చింది."

వదిన పంజరం ఊచల్లోంచి వేలు పెట్టి చిలుక తల నిమిరింది.

"మాటలు నా దగ్గర బోలెడున్నాయిరా. ఊఁ కొట్టేవాళ్ళే లేకపోయారు" అంది కళ్ళు తుడుచుకుంటూ.

పంజరాన్ని ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, ఆపరేషన్ కథ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.