ఎడమచేతి చూపు

గడ్డం గీసేది కుడిచెయ్యే అనుకుంటారు అందరూ. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకునేవాళ్లకు అంతకు మించి తెలియాల్సిన పనీ లేదు. ఆ పని చేసేవాళ్లకు మాత్రం తెలుసు, కోసేది కుడిచెయ్యి, చూసేది ఎడమచెయ్యి అని. నురగ కింద చర్మం ఎక్కడ వదులుగా ఉందో, ఏ మూల చిన్న కురుపు దాక్కుందో ఎడమచేతి వేళ్లు ముందు నడిచి చెప్పాలి. ఆ వెనకాలే కత్తి నడుస్తుంది.

మనవాడికి ఆ ఎడమచెయ్యే మొరాయించింది. పూర్తిగా పడిపోయినా ఒక దారి. ఇది అలా కాదు, చెప్పకుండా పోయేది, చెప్పకుండా వచ్చేది. చెయ్యి కిందికి వేలాడుతున్నంతసేపూ బుద్ధిమంతురాలే. కస్టమరు చెవి ఎత్తుకు లేపి రెండు నిమిషాలు ఉంచితే చాలు, చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారిపోయేవి.

అతనికి సెలూన్లో పూలచెయ్యి అని పేరు. కత్తి ఆనిన సంగతే తెలియదని కస్టమర్లు పెట్టిన పేరది. అసలు పేరు కాగితాల మీద తప్ప ఎక్కడా వినబడదు. రెండే కుర్చీలు ఆ కొట్లో, ఒకటి అతనిది, రెండోది తమ్ముడిది. అంత పేరున్న మనిషి వేళ్లు మొద్దుబారుతున్నాయని ఎలా చెప్పుకుంటాడు? చెప్పలేదు. రెండేళ్లు నోరు మెదపకుండా జనం గొంతుల మీద కత్తి నడిపాడు. ఇది నాకు కోపం తెప్పించే విషయమే గానీ, కథ చెబుతున్నాను కాబట్టి ముందుకు వెళ్తాను.

ఒకరోజు పోస్టుమాస్టరు చెవి కింద తెగింది. సబ్బు నురగలో చర్మం జారిన సంగతి వేళ్లకు అందలేదు. తెల్ల తువ్వాలు మీద రెండు ఎర్రటి చుక్కలు. "కొత్త బ్లేడు సార్, మరీ పదునుగా ఉంది" అన్నాడు పూలచెయ్యి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేరం బ్లేడు మీదికి నెట్టేశాడు. పోస్టుమాస్టరు నమ్మాడు. పక్క కుర్చీ దగ్గర తమ్ముడు నమ్మలేదు. ఆ సాయంత్రమే వదినకు చెప్పేశాడు.

ఆవిడ టైలరు. కుట్టుమిషను ఆపి ఒకే మాట అడిగింది: "నీ చెయ్యి పోతే పని మానుకుంటావు. ఎవరి పీకో తెగితే ఏం చేస్తావు?" మర్నాడే ఆసుపత్రికి బయల్దేరదీసింది.

మొదటి డాక్టరు మెడకు ఎక్స్‌రే తీయించాడు. "మీది కుడిచేతివాటమేగా? అయితే అదృష్టవంతులే" అన్నాడు. పూలచేతికి ఒళ్లు మండిపోయింది. రెండో డాక్టరమ్మ ఆ మాట అనలేదు. ఎడమ భుజం ఎముక కింద, ఛాతీ మీద ఒకచోట బొటనవేలితో గట్టిగా నొక్కింది. చిటికెన వేలిదాకా తిమ్మిరి జివ్వుమని పాకింది.

"పక్కటెముకల నుంచి భుజానికి ఓ చిన్న కండ ఉంటుంది. అది బిగుసుకుపోయి కింద నరాల్ని నొక్కేస్తోంది. ముందు ఆ కండలోకి మత్తు ఇంజెక్షన్ ఇస్తాను. కాసేపు అది సడలితే వేళ్లు బాగుపడతాయా లేదా చూద్దాం. బాగుపడితే ఆపరేషన్ చేసి ఎముక దగ్గర దాన్ని విడదీయొచ్చు. ఇవాళ చెయ్యి వాడి చూసి, ఎలా ఉందో నాకు చెప్పండి."

వాడి చూడమందిగా! పూలచెయ్యి ఇంటికి వెళ్లలేదు, తిన్నగా సెలూన్‌కి వెళ్లాడు. చెయ్యి ఎత్తాడు. రెండు నిమిషాలైంది, ఐదైంది. చిటికెన వేలు మెలకువగానే ఉంది. అతనికి ప్రాణం లేచొచ్చింది. వరసగా ఆరు గడ్డాలు గీశాడు, ఈలలు వేస్తూ. కొరివితో తల గోక్కుంటున్నానని ఒక్క క్షణం తోచలేదు.

ఏడో మనిషి డ్రాయింగు మాస్టారు. ముసలాయన, గొంతు మీద చర్మం మడతలు మడతలు. సగం గీసి గొంతుముడి దగ్గరికి వచ్చేసరికి ఇంజెక్షన్ ప్రభావం తీరిపోయి, ముందు చిటికెన వేలు పోయింది. తర్వాత దాని పక్కది. చర్మం పట్టుకున్నాడో వదిలేశాడో తెలియడం లేదు. మాస్టారు కళ్లు మూసుకుని తన మనవరాలి పరీక్షల గురించి చెప్పుకుపోతున్నాడు. మాటాడినప్పుడల్లా గొంతుముడి పైకీ కిందికీ ఆడుతోంది. కత్తి తీస్తే గుట్టు బయటపడుతుంది, తీయకపోతే... పూలచెయ్యి కత్తిని గొంతుముడి పక్కనే ఆపి ఉంచాడు.

అద్దంలోంచి తమ్ముడు చూశాడు. "అన్నయ్యా, వదిన ఫోను చేసింది, అర్జెంటట. మాస్టారూ, మిగతాది నేను చేస్తాను" అంటూ వచ్చి, అన్న చేతిలోంచి కత్తి మెల్లగా తీసుకున్నాడు. ఫోనూ లేదు, గీనూ లేదు. మాస్టారు వెళ్లాక తమ్ముడు అన్న ముఖం చూడకుండానే అన్నాడు: "బాగయ్యేదాకా నువ్వు కత్తి ముట్టుకోవద్దు. నన్ను తిట్టుకున్నా సరే." చిన్నవాడి చేత ఆ మాట పడటం చెంపదెబ్బకంటే గట్టిగానే తగిలింది. పడాల్సినవాడే పడ్డాడు.

సంగతి విన్న డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. "వాడి చూడమంటే బట్టలు ఆరేయమని, అలమరలో డబ్బా అందుకోమని! గొంతు మీద కత్తి పెట్టమనా?" తిట్టడం అయ్యాక, ఇంజెక్షన్ పనిచేసింది కాబట్టి ఆపరేషన్ కూడా పనిచేస్తుందని ఆశ ఉందని చెప్పింది. నరాల పక్కన పని కదా, నూటికి నూరుపాళ్లు హామీ ఇవ్వలేనని కూడా చెప్పింది. అతను కాగితం మీద సంతకం పెట్టాడు.

డాక్టరమ్మ చెప్పినట్టు ఆపరేషన్‌కు ముందు ఆరు వారాలు సిగరెట్టు ముట్టలేదు. ఫిజియోథెరపిస్టు నేర్పిన కసరత్తులు చేశాడు. ఆపరేషన్ రోజు పొద్దున వార్డు మనిషి మిషను పట్టుకుని ఛాతీ మీద, చంకలో వెంట్రుకలు తీయడానికి వచ్చాడు.

"చర్మం లాగిపట్టుకో నాయనా. అలా ఎదురు తిప్పకు."

"పెద్దాయనా, రోజుకు పదిమందికి తీస్తాను."

"పదిమందీ ఏమీ అనలేదంటే మత్తులో ఉండుంటారు."

వార్డు మనిషి నవ్వాడు. పూలచెయ్యి నవ్వలేదు. ఛాతీ మీద ఎడమవైపు డాక్టరమ్మ గీసిన బాణం గుర్తు వైపు చూస్తూ పడుకున్నాడు.

మెలకువ వచ్చాక అతను చేసిన మొదటి పని చిటికెన వేలు కదపబోవడం. కదల్లేదు. చెయ్యి మొత్తం ఎవరిదో తెచ్చి పక్కన పడేసినట్టుంది. పై ప్రాణాలు పైనే పోయాయి. నొప్పి తెలియకుండా మెడ దగ్గర ఇచ్చిన మందు ప్రభావమనీ, దిగడానికి చాలా గంటలు పడుతుందనీ నర్సు చెప్పింది. విన్నాడు, నమ్మలేదు. రెండేళ్లు అందరికీ అబద్ధం చెప్పినవాడికి ఎదుటివాళ్ల నిజం కూడా ఓ పట్టాన ఎక్కదు.

మర్నాడు పొద్దున భార్య అతన్ని కళ్లు మూసుకోమంది. "ఏ వేలు?" అని అడిగింది.

"ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను."

ఆవిడ ఒక్కో వేలూ పట్టుకుంటూ వచ్చింది. కాసేపటికి "చిటికెన వేలు" అన్నాడు. "గోరు గుచ్చుతున్నావు, మెల్లగా." ఆవిడ అలాగే మరింత గుచ్చింది, ఏడుస్తూ.

ఆ తర్వాత ఓపికకు పరీక్ష. మెడకు కట్టిన గుడ్డ జోలెలో చెయ్యి, బరువు ఎత్తకూడదు, తొందరపడకూడదు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకాలి. ఎక్కడిదాకా పాకితే అక్కడ భార్య తన కుట్టు సుద్దతో గీత గీసి తేదీ వేసేది. నడుము ఎత్తు గీత తల దాటేసరికి రెండు నెలలు దాటాయి. బెలూన్ ఊది, దానికి నురగ రాసి గీయడం మొదలుపెట్టాడు. డజను బెలూన్లలో ఒక్కటీ పగల్లేదు. మూడో నెల చివర డాక్టరమ్మ పనికి వెళ్లొచ్చంది.

వెళ్లాడు, జుట్టు కత్తిరించాడు. గడ్డం అన్నవాళ్లనల్లా తమ్ముడి కుర్చీకి పంపాడు. ఒకరోజు, రెండు రోజులు, పది రోజులు. చెయ్యి బాగానే ఉంది, అదే గొడవ. మొద్దుబారి ఉన్నప్పుడు లేని భయం, స్పర్శ రాగానే వచ్చి కూర్చుంది. ఆ రెండేళ్లలో ఎంతమంది తనను నమ్మి కళ్లు మూసుకున్నారో ఇప్పుడు ఒక్కొక్కరే గుర్తొస్తున్నారు.

పదకొండో రోజు పొద్దున, ఇంకా ఎవరూ రాకముందు, తమ్ముడు వచ్చి అన్న కుర్చీలో కూర్చున్నాడు. మెడకు తనే తువ్వాలు చుట్టుకున్నాడు.

"గీయి."

"ఇప్పుడెందుకురా?"

"పెళ్లికొడుకులా ఉండాలనిపించింది. గీయవయ్యా బాబూ! తెగితే ఏముంది, వదిన టైలరేగా, కుట్టేస్తుంది."

తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. పూలచెయ్యి నురగ రాశాడు. ఎడమచెయ్యి ఎత్తి, దవడ కింద చర్మం లాగిపట్టాడు. అన్ని వేళ్లూ ఉన్నాయి. చర్మం వెచ్చదనం తెలుస్తోంది, వెంట్రుకలు ఏ వాలున ఉన్నాయో తెలుస్తోంది. చిటికెన వేలి కింద ఏదో టకటకా కొట్టుకుంటోంది.

మెడ మీది నాడి అది. అంత ధీమాగా పాట పాడుతున్నవాడి నాడి పరుగులు తీస్తోంది.

పూలచెయ్యి కత్తి ఎత్తి పట్టుకుని ఆగిపోయాడు.

పాట ఆగింది. "ఏంటన్నయ్యా? మళ్లీ తిమ్మిరా?"

"కాదు. అంతా తెలుస్తోంది."

"మరి గీయవేం?"

"తొందరేముందిరా" అన్నాడు పూలచెయ్యి. ఎడమచేతిని అక్కడినుంచి తీయలేదు. వేలి కింద ఆ పరుగు కాస్త నెమ్మదించేదాకా ఆగి, అప్పుడు కత్తి ఆనించాడు.