హీరో ఎంట్రీ దాటిపోయాక

నాచారంలో ఒకే షెడ్డులో పనిచేసే నేస్తానికీ నాకూ భోజనాల దగ్గర ఎప్పుడూ ఒకటే వాదన. అతని హీరో తెర మీద అడుగు పెట్టగానే హాలు దద్దరిల్లాలి. నాకేమో నవలల్లో ఓడిపోయేవాళ్లు, భయపడుతూనే నిలబడేవాళ్లు ఇష్టం. బడిలో ఎక్కువ చదవలేదు, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. గెలుపు ముందే తెలిసిన కథ నాకు జవాబు చూసి చేసిన లెక్కలా ఉండేది. అతని సినిమాల్లో హీరో ఎవరో మొదట్లోనే తెలుస్తుంది. నా పుస్తకాల్లో చివరి పేజీ మూశాక గాని తెలియదు.

"కొట్టనోడు హీరో ఎట్లయితడన్నా?" అనేవాడు నవ్వుతూ.

సినిమా పిచ్చి అతని భార్యకు ఇంకా ఎక్కువ. హీరో ఎంట్రీకి చల్లడానికి పాత పేపర్లు చించి సంచి నింపుకుని వెళ్లేది. నిరుడు పక్షవాతం వచ్చి ఆమెకు కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. దవాఖానా నుంచి వచ్చాక గడప దాటలేదు. నలుగురూ చూస్తారని సిగ్గు. ఇలాగే మంచానికి అలవాటు పడిపోతుందేమోనని అతని దిగులు.

చివరికి ఆమె అభిమాన హీరో సినిమా వస్తే ఎలాగో ఒప్పించాడు. నేనూ తోడు వెళ్లాను. వాళ్లుండే పీర్జాదిగూడ నుంచి ఉప్పల్ థియేటర్‌కు ట్రాఫిక్‌తో సహా ఎంతసేపు పడుతుందో నేనే లెక్క వేశాను. లిఫ్టు చెడిపోయి ఉంటుందని అనుకోలేదు. ఆమెను ఎత్తుకుని, ఆగి ఆగి అతను మెట్లెక్కుతుంటే, సగంలో ఉండగానే లోపల హీరో ఎంట్రీకి ఈలలు మోగాయి.

"వాపస్ పోదాం," అందామె ముఖం గోడవైపు తిప్పుకుని.

అతను బతిమాలలేదు. ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టి, జారిన చెప్పు తొడిగి, పక్కనే కూర్చున్నాడు. "నువ్వెప్పుడంటె అప్పుడు పోదాం," అన్నాడు.

తలుపు సందులోంచి డైలాగులు వింటూ ముగ్గురం అక్కడే ఉండిపోయాం. ఇంటర్వెల్‌లో జనం మా పక్కనుంచే దిగారు. కొందరు చూశారు, సమోసాల కోసం వెళ్లిపోయారు. ఆమె తల దించుకోలేదు. బెల్లు మోగాక, "లోపటికి పోదాం" అంది.

ఆ తర్వాత తెర మీద హీరో ఏం చేశాడో నాకు సరిగా గుర్తులేదు.

మొన్న ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఆమె పేపరును మోకాలి కింద నొక్కిపెట్టి ఎడమచేత్తో చించుతోంది. నన్ను చూసి, మాటలు కూడదీసుకుని అంది: "ఈపారి జర జల్ది బయలెల్లాలె అన్నా. మెట్లు గూడ లెక్కల ఏస్కో."