సాంబ్రాణి వేసిన కారు

ఈ రోజు ఏలూరులో ఒక పాత స్టేషన్ వేగన్ కారు బేరానికి వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులతో మా అమ్మ ఎడ్లబండి ఎక్కలేకపోతోంది. ఇదైతే వెనక పరుపు వేసి, మా ఊరు పెంటపాడు నుంచి ఆసుపత్రికి పడుకోబెట్టి తీసుకెళ్ళొచ్చు.

రంగు బాగుంది, ఇంజను వెంటనే అందుకుంది. వెనక తలుపు తీస్తే మాత్రం సాంబ్రాణి పొగ మొహాన కొట్టింది. బాలింత గదిలో కూడా అంత పొగ వెయ్యరు.

"ఏవండీ, కారుకి సాంబ్రాణి ఎందుకండీ?"

"లక్ష్మి కదండీ. మా అమ్మగారు గుడికి వెళ్ళడానికి తప్ప దీన్ని బయటికి తియ్యలేదండి," అన్నాడు అమ్మే ఆసామి.

మరి వెనక అడుగురేకంతా తుప్పెందుకు పట్టిందని అడిగాను.

"ఆవిడకి మడి ఎక్కువండీ. తడిబట్టలతోనే వెళ్ళేవారు."

కొల్లేటికోట నుంచి చేపల బుట్టలు మోసిన కారని నా అనుమానం. ఆ పొగలో వాసన పట్టడం నా వల్ల కాలేదు. ఆలోచించి చెబుతానని వచ్చేశాను.

ఇంటికొచ్చి అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. కారు మాట ఇంకా ఎత్తనే లేదు.

"కొల్లేరు వెళ్ళొచ్చావేంట్రా? చేపలేవి?" అంది.

మీరైతే ఆ కారు కొంటారా? మా అమ్మ మాత్రం, ఉత్త చేతులతో వచ్చానని ఇంకా నాతో మాట్లాడటం లేదు.